శొంఠి పట్టు, పురటాసి శనివారం

సెప్టెంబరు 16, మంగళవారం
మళ్లీ ఎడమ కణత. ముందుగా ఆ వెలుగు — రంపపు పళ్లలాగా, పుట నడుమ నుంచి అక్షరాలను తింటూ... పిదప నొప్పి, వాంతి. ఈ నెలలో ఇది ఆరోసారి.
ఈ శనివారమే పురటాసి — పెరుమాళ్ల తమిళ నెల — తొలి శనివారం. భజన మఠంలో తాతగారి చేతివ్రాత కీర్తనల పుస్తకం చూసి పాడవలసినవాణ్ణి నేను. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. చదవగలిగిన ఇల్లు మరొకటి లేదు.

17, బుధ
బస్సులో బోడి ఊరికి, అక్కడి వైద్యుని వద్దకు. పొద్దున ముక్కులో అణుతైలం రెండేసి చుక్కలు, రెండు పూటలా పథ్యాది కషాయం, నొసట శొంఠి పట్టు. పెరుగు, చింతపండు, వంకాయ — నిషిద్ధం. ఎన్నాళ్లకు నయమవుతుందని అడిగాను. సీసాకు మూత బిగిస్తూ, ఒక మండలం చూద్దామన్నాడు. నలభై ఎనిమిది రోజులు. నాకున్నవి మూడు.

18, గురు
తైలం గొంతులోకి దిగి చేదు. మదురై డాక్టరు వ్రాసిన మాత్రలను కమల అలమర నుంచి తీసి నా ముందు పెట్టింది. ఇంగ్లీషు మందు ముట్టనని వీధి వీధంతా చెప్పుకొన్నవాణ్ణి. ఎలా మింగేది?
"నొచ్చేది మీ తల గదా. వీధికా నొస్తాది?"
నలభై ఏళ్ల కాపురం. మాత్రలను మళ్లీ అలమరలో పెట్టాను.

19, శుక్ర
నొప్పి లేదు. రెండు పుటలు బిగ్గరగా చదివాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, వీధి చేత వాద్యార్ అనిపించుకొన్న గొంతు — ఇంకా ఉన్నది.

20, శని
శొంఠి పట్టు అరగంట ఉంచమన్నాడు వైద్యుడు. బలం చాలదేమోనని రెండు గంటలు ఉంచాను. కడిగితే నొసటి తోలు కాలి ఉన్నది. నామం పెట్టుకొనే చోటే. బోడి నొసటితో మఠానికి వెళ్లాను.
రెండో చరణంలో వెలుగు వచ్చింది. పుట లేదు. నోరు ఆగిపోయింది... ఎంతసేపో తెలియదు. ఆడవారి వరుస నుంచి అలమేలు — మిల్లులో పనిచేసి మానుకొన్న మనిషి, చదువు లేదు — తరువాతి పాదం అందుకొన్నది. వెంట అందరూ. ఇన్నేళ్లుగా నా నోట విన్నదే. గోడకు తల ఆనించి వారి తప్పులు లెక్కపెట్టాను. పాట ఆగలేదు.

21, ఆది
చీకటి గది. మాత్ర మింగాను. వాంతిలో పోయింది.

24, బుధ
పట్టు మానేశాను. కషాయం సాగుతున్నది. నమ్మకం చేత కాదు — సీసాలో ఉన్నది గనుక.

27, శని — ఉదయం
అలమేలు వచ్చింది. సాయంకాలానికి పుస్తకం కావాలట. చదవడం రాని మీకు పుస్తకమెందుకని అడిగాను.
"రాకుంటే ఏమి, వాద్యార్ మామా. పీటమింద పెట్టి, పువ్వేసి, పాడతాము. మీరు ఇంట్లో పడుకోండి."
అవమానించాలని అన్నది కాదు. అదే కష్టం.
లోపలికి వచ్చి పుస్తకం విప్పి చూశాను. ఈ పూట ప్రతి అక్షరమూ స్పష్టంగా ఉన్నది. సాయంకాలానికి ఏమవుతుందో...
ఇవ్వలేదు. ఇవ్వననీ అనలేదు. ఆమె తిన్నెమీద కూర్చొనే ఉన్నది.