సంపు నీళ్ళలో ఏదో కలుస్తోంది

జూన్ 3

నీళ్ళు బాగా లేవు. పొద్దున పుక్కిలిస్తే నాలిక చివర ఏదో తగిలింది. ఉప్పు అందామంటే పూర్తిగా ఉప్పూ కాదు. ఇంటావిడతో అన్నాను. పళ్ళు ఊడే వయసులో రుచులేమిటి, మీ నాలికే మొద్దుబారి ఉంటుంది అంది. డాబా మీద కుండీల్లో ఆకుల అంచులు మాడి ఉన్నాయి. మరి ఆకుల నాలికలు కూడా మొద్దుబారాయా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

జూన్ 5

రేడియోలు బాగుచేసి బతికిన చెయ్యి ఊరుకోదు. విడిభాగాల కొట్టుకు వెళ్ళాను. నీళ్ళు పరీక్ష చేసే సెన్సర్ ఉందా అని అడగడానికి నోరు రాక గాజు బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి కొట్టతనే అడిగాడు, ఎవరికోసం తాతా, మనవడి ప్రాజెక్టుకా అని. నాకే అన్నాను. నవ్వాడు గాని మర్యాదగానే చూపించాడు.

అరచేతిలో పట్టే బోర్డు. దానికి పొడుగాటి వైరు. వైరు చివర రెండు సూదులున్న ప్రోబ్. సూదుల మధ్య కరెంటు ఎంత బాగా పారితే నీళ్ళలో అంత సరుకు కరిగినట్టు. టీడీఎస్ అంటారట. ఎంత కరిగిందో చెబుతుంది తాతా, ఏది కరిగిందో మాత్రం చెప్పదు అన్నాడు. ఎంతో తెలిస్తే ఏదో నేను చూసుకుంటాను అనుకున్నాను.

జూన్ 6

బిగించాను. వైర్లు తిరగేసి పెట్టి మొదట సున్నా చూపించుకున్నాను. సరిచేశాక, ఏమీ కరిగి ఉండని నీళ్ళు కదా అని బ్యాటరీలో పోసే నీళ్ళలో ముంచాను. అంకె నాలుగు. అంటే మిషను అబద్ధం ఆడడం లేదు.

వీధి కుళాయి నీళ్ళు: 210.

డాబా ట్యాంకు నీళ్ళు: 760. స్టీలు గ్లాసులో పోశాను కదా, సూదులు గోడకు దగ్గరై అంకె ఎగిరి ఉంటుంది అని ప్లాస్టిక్ డబ్బాలో మళ్ళీ చూశాను. 742.

వీధి కుళాయిలోంచి సంపులోకి. సంపులోంచి మోటారుతో ట్యాంకులోకి. నీళ్ళకు ఇంకో దారి లేదు. కాని దారిలో ఏదో కలుస్తోంది.

జూన్ 8

ఈ ఇల్లు అన్నదమ్ములిద్దరం కలిసి కట్టుకున్నాం. కింద తమ్ముడు, మరదలు. పైన మేం. ఒకే సంపు, ఒకే ట్యాంకు, ఒకే మెట్లు. తమ్ముడు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వాడి నోరు ఇంకా రిటైరవలేదు. ఆ చివరి సీటు వరకు వినబడేలా మాట్లాడతాడు. ఇద్దరి మాటలూ వాడే మాట్లాడతాడు, నాకు సుఖంగా ఉంటుంది.

మొన్న ఎండల్లో మెట్లెక్కుతూ నేను మధ్యలో కూలబడితే వాడు చూశాడు. ఆ సాయంత్రమే అడిగాడు, అన్నయ్యా, ఇల్లు కొంటామని ఒకాయన వెంటపడుతున్నాడు, ఏమంటావు అని. నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోతే కాదన్నట్టు అని వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు.

మళ్ళీ అడగలేదు. అడక్కుండా ఉండడం వాడి తత్వం కాదు.

జూన్ 11

480. తగ్గింది. అనవసరంగా మనసు పాడుచేసుకున్నాను.

జూన్ 14, ఉదయం 7

910.

జూన్ 14, సాయంత్రం

మధ్యాహ్నం కిటికీ దగ్గర ఉన్నాను. తమ్ముడు ఆటో దిగాడు. భుజాన ఒక సంచి, దానిమీద తువ్వాలు కప్పి ఉంది. గేటు గడియ తీయడానికి వంగినప్పుడు తువ్వాలు జారింది. ఉప్పు. రాళ్ళ ఉప్పు. వాడు అటూ ఇటూ చూసి తువ్వాలు సర్దుకున్నాడు. పైకి మాత్రం చూడలేదు.

ఇద్దరు మనుషుల ఇంటికి బస్తాడు ఉప్పు దేనికి? ఊరగాయల కొట్టు పెడుతున్నాడా?

మొన్న కూడా ఇలాంటి సంచే చూశాను. అప్పుడు సిమెంటు అనుకున్నాను. అంకె పెరిగింది కూడా అప్పుడే.

జూన్ 15

ఇంటావిడ పొద్దస్తమానం కిందే ఉంటోంది. పాలు తేవడానికి దిగాను. వాకిట్లో తోడికోడళ్ళిద్దరూ తల దగ్గర తల పెట్టుకుని ఏదో అంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. మరదలు కొంగు తల మీదికి లాక్కుంది. కాఫీ పెట్టనా బావగారూ అంది. వద్దన్నాను. మా ఆవిడ ఆకాశం కేసి చూసి, ఇవాళ వాన పడేలా ఉందండీ అంది. మబ్బు ముక్క లేదు.

జూన్ 16

ఈవిడకీ తెలుసు.

జూన్ 18

ఒకటొకటీ పేరుస్తుంటే గోడలా నిలబడుతోంది. కిందివాళ్ళు తాగడానికి వాకిట్లో వీధి కుళాయి పట్టుకుంటారు, ట్యాంకు నీళ్ళు పాడైతే పైనున్నవాళ్ళే ముందు విసిగిపోతారు. విసిగితే ఇల్లు అమ్ముదాం అంటారు. మాటతో అడిగితే నేను పలకను కాబట్టి నీళ్ళతో అడుగుతున్నాడు.

నా తమ్ముడే. చిన్నప్పుడు దెబ్బ తగిలితే వాడికి బదులు నేను ఏడ్చేవాణ్ణి.

ఇంటావిడ టీ ఇచ్చింది. ఏమిటండీ, నాలో కూడా ఆ సూదులు ముంచి చూస్తారా, అలా చూస్తున్నారు అంది. నిజంగా ముంచే వీలుంటే ముంచేవాణ్ణి.

జూన్ 19

కిందికి వెళ్ళాను. తమ్ముడు కుర్చీలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. రా అన్నయ్యా, దారి తప్పి వచ్చావా, కూర్చో అన్నాడు. కూర్చోలేదు. అమ్మేద్దాం అన్నాను.

వాడు గోళ్ళు తీయడం ఆపాడు. ఏది అన్నాడు.

ఇల్లు అన్నాను. పైకి వచ్చేశాను.

ఇంత పెద్ద మాట ఇంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. సంతోషిస్తాడనుకున్నాను. వెనక నుంచి నవ్వు వినబడలేదు. అది కూడా నటనే అయి ఉండాలి.

జూన్ 22

అన్నీ ఒకేసారి జరిగాయి. వరసగా రాయాలి.

పొద్దున టేపాయన వచ్చాడు. ఇళ్ళు అమ్మించే మనిషి. నడుముకు టేపు కట్టుకుని ఉంటాడు, గోడ కనిపిస్తే చాలు కొలుస్తాడు. తమ్ముడు వాడి వెనకాల నిలబడ్డాడు గాని నోరు విప్పలేదు. టేపాయన సంపు ఎంత లోతో చూద్దాం అని మూత లేపాడు. నేనూ వంగి చూశాను.

లోపలి గోడకు సన్నని తెల్ల పైపు ఉంది. మేం సంపు కట్టించినప్పుడు అది లేదు. దాని చివర చుక్కలు పడుతున్నాయి. బోర్డు నా జేబులోనే ఉంది. ఆ చుక్కలు ఒక డబ్బా మూతలో పట్టి ప్రోబ్ ముంచాను. అంకె వెయ్యి దాటి, ఇక చూపించలేను అన్నట్టు ఒకచోట ఆగిపోయింది. వేలు తడిపి నాలికకు రాసుకున్నాను. సముద్రం.

ఎప్పుడూ లేనిది నా గొంతు పెద్దదైంది. మేం తాగే నీళ్ళలో ఉప్పు కలుపుతావురా అన్నాను. వీధి మనుషులు విన్నారు.

తమ్ముడు పైపు చూశాడు, నన్ను చూశాడు. నిజంగా తెలియనివాడి మొహం. తర్వాత అందుకున్నాడు. నిన్ను ఉప్పు పెట్టి పంపించాలంటే నాకిన్ని తిప్పలెందుకు అన్నయ్యా, నిన్ను దింపాలనుకుంటే విజిలేసి మెట్ల దగ్గరే దింపేవాణ్ణి కదా, పూర్తి టికెట్టు తీసుకున్నవాణ్ణి మధ్యలో దింపే అలవాటు నాకు సర్వీసులోనే లేదు అన్నాడు. మొదట హాస్యంగానే మొదలెట్టాడు. ఆ చివరకొచ్చేసరికి గొంతు పోయింది.

మరదలు లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. తప్పు నాది బావగారూ అంది. కొంగు తీసి తల చూపించింది. పాపిడి అరచేయంత వెడల్పయింది. ఈ సున్నపు నీళ్ళకు జుట్టంతా రాలిపోతోందని స్నానాల గదిలో ఒక డబ్బా పెట్టించుకుందట. నీళ్ళలోని సున్నాన్ని పట్టి ఉంచే డబ్బా. దాన్ని అప్పుడప్పుడు ఉప్పునీళ్ళతో కడగాలట. బట్టతల వస్తోందని బావగారికి తెలిస్తే తలెత్తుకోలేనని, ఎవరికీ చెప్పొద్దని, సంచి కప్పి తెమ్మని మొగుడితో ఒట్టు వేయించుకుందట.

కడిగిన నీళ్ళు కాలువలోకి పోవాలి కదమ్మా అన్నాడు టేపాయన. వాడికెందుకో.

అప్పుడు మా ఆవిడ మెట్ల మీదనుంచి అంది. నేనే చెప్పాను అంది. బిందెలు బిందెలు తేటనీళ్ళు మురిక్కాలువలో పోతుంటే చూడలేకపోయాను, మన నీళ్ళే కదా, మళ్ళీ సంపులో పడేలా పెట్టించుకోవే అని నేనే ప్లంబరును పిలిపించాను. ఒక్క చుక్క వృథా కాలేదు తెలుసా అంది, ఇంకా గొప్పగానే. రుచి చూశావా అని అడిగాను. డబ్బా కడిగిన నీళ్ళు రుచి చూస్తామా ఎక్కడైనా అంది.

టేపాయన ఒక్కడే నవ్వాడు.

మరి ఇల్లు అమ్ముదామని నువ్వెందుకు అడిగావు అన్నాను తమ్ముడితో. వాడు నేల చూస్తూ చెప్పాడు. నీ మోకాళ్ళు చూసి అడిగాను, ఇది అమ్మితే పక్కపక్కన రెండు కింది ఇళ్ళు దొరుకుతాయేమో అని. నువ్వు పలకలేదు, సరే వదిలేశాను. నువ్వొచ్చి అమ్మేద్దాం అన్న రోజునుంచి నాకు అన్నం దిగడం లేదు. నేనేం చేశానో చెప్పి అమ్మొచ్చు కదా అన్నాడు.

లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. టేపాయన టేపు చుట్టుకుంటూ, కొనే పార్టీ సోమవారం వస్తాడు, మాట మాటే కదా పెద్దాయనా అని వెళ్ళిపోయాడు.

జూన్ 23

పైపు కాలువలోకి తిప్పించాం. సంపు, ట్యాంకు రెండూ కడిగించాం. ఎక్కడ ముంచినా 212. ఇంటావిడ రోజంతా గిన్నెలు గట్టిగా పెడుతోంది. నన్నూ అనుమానించారు కదూ అంది ఒకసారి. అవునన్నాను. గరిటె కింద పెట్టి నావైపు చూసింది. అబద్ధమన్నా చెప్పొచ్చు కదండీ అంది.

కిందినుంచి గొంతు లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నిద్రపట్టడం లేదు. ఇద్దరి మాటలూ వాడే మాట్లాడేవాడు. ఇప్పుడు ఇద్దరివీ ఆగిపోయాయి.

జూన్ 24

సంచి చూసిన రోజే వాణ్ణి అడిగి ఉండొచ్చు. ఈ ఉప్పు దేనికిరా అని. మూడు మాటలు. దానికి బదులు సూదులు ముంచుతూ కూర్చున్నాను.

రేపు సోమవారం.

జూన్ 25, ఉదయం 6

కిందికి వెళ్ళాను. తలుపు కొట్టాను. మరదలు తీసింది, నన్ను చూసి పక్కకు తప్పుకుంది. తమ్ముడు మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. వద్దు అన్నాను. కదల్లేదు. ఇల్లు అమ్మొద్దు, నిన్ను అనుమానించాను, తప్పు నాది అన్నాను. జీవితంలో ఒకేసారి అన్ని మాటలు అనలేదు. వాడు తిరగలేదు. మెట్లు ఎక్కి వచ్చాను. మధ్యలో కూర్చోవలసి వచ్చింది. ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం

కొనే పార్టీ రాలేదు. టేపాయనా రాలేదు. వద్దన్నదెవరో ఎవరూ చెప్పలేదు.

జూన్ 26

తమ్ముడు పైకి వచ్చాడు. చేతిలో గ్లాసు. మా ఇంటి నీళ్ళన్నయ్యా, సూదులు ముంచుకుని మరీ తాగు అన్నాడు. ముంచలేదు. తాగాను. గుప్పెడు ఉప్పు వేసి తెచ్చాడు. నా మొహం కేసే చూస్తూ నిలబడ్డాడు. అడుగుదాకా తాగి గ్లాసు ఇచ్చాను. బాగున్నాయి అన్నాను.

ఇంకో గ్లాసు తేనా అన్నాడు, ఆ చివరి సీటు వరకు వినబడేలా.

తెమ్మన్నాను.