శ్రీనివాసన్న తలుపు మీది కరపత్రం

ఆదివారం, రాత్రి

మా కోరమండల్ గని కార్మికుల లైన్ల ఇళ్లలో పుట్టి బెంగళూరులో పెద్ద కంపెనీకి ఎండీ అయిన శ్రీనివాసన్న, కార్మికుల పీఎఫ్ మింగి, పదవి పోయి, నిన్న ఇంటికొచ్చాడు. పొద్దున్నే ‘దొంగ’ అని కరపత్రం రాసి వాళ్ల తలుపుకు అంటించాను. తర్వాత అటు పోతుంటే చదువు రాని వాళ్లమ్మ పిలిచింది.

“అప్పా, ఇదేందో అంటించిండారు. రవ్వంత చదువు.”

“రేపు నీళ్లు రావంటమ్మా,” అన్నాను.

ఆమె లైనంతా చాటింది. కొళాయి దగ్గర బిందెలు బారులు తీరాయి. శ్రీనివాసన్న కూడా బిందెతో వచ్చాడు.

“ఎండీ సారూ, ఈడ అందరికీ ఒకటే క్యూ!” అని ఆడవాళ్లు నవ్వారు.

ఆయన నా వెనకే నిలబడి మెల్లగా అన్నాడు: “తలుపు మీదిది అమ్మకు చదివి చెప్పకుండా మంచి పని చేసినావు తమ్ముడూ. నేనే చెప్పుకుంటాను.”

అంటించింది నేనేనని చెప్పలేకపోయాను. రాసిందాంట్లో అబద్ధం లేదు. మరి కింద నా పేరెందుకు పెట్టలేదో...