ఎంగిలి పికోలో

తిరువూరు,
8-3-1975

అమ్మకి అంకారావు దండాలు. వేళకు తింటున్నాను, బెంగపెట్టుకోకు.

పికోలో కొన్నాను. అదే, పక్కకు పట్టి ఊదే చిన్న పిల్లనగ్రోవి. బ్యాండుమేళం ఖాదర్‌బాషాగారిది. పళ్లు ఊడి గాలి నిలవక అమ్మేశారు. కొత్తదే కొనాలి, ఒకరు నోట పెట్టింది ఎంగిలి అని నువ్వు రాయించావు. కానీ కొత్తవన్నీ రేకువి, రంధ్రాల మీద మూతలుంటాయి. వేలు జార్చి కీర్తన పలికించడం కుదరదు. ఈ కర్రదానికి వేలు నేరుగా రంధ్రం మీదే ఆనుతుంది.

నీ ఎంగిలి మాట చెబితే ఆయన నవ్వి, "మీ అమ్మగారు నెమలి ఊళ్లో స్వామి కల్యాణానికి వస్తారా బాబూ?" అని అడిగారు. ఏటా వస్తుందన్నాను. "అయితే ఆవిడ విన్నది దీన్నేనండి" అన్నారు. పోయినేడు స్వామి ఊరేగింపులో నువ్వు కళ్లు మూసుకుని, చేతులు జోడించి విన్న కీర్తన ఆయన దీని మీద వాయించిందే.

గేదె ఈనిందా? నా దుప్పటి, చిన్న సీసాతో గానుగ నువ్వులనూనె అన్నయ్యతో పంపించు. నూనె నాకు కాదు, పికోలో కర్ర పగలకుండా రాయడానికి. నాన్నకి, వదినకి నమస్కారాలు, పాపకి ముద్దులు. పై ఆదివారం దీన్ని ఇంటికి తెస్తాను. గుమ్మంలో పసుపునీళ్లు మాత్రం చల్లకు, కర్ర ఉబ్బుతుంది.