రెండు చేలకూ ఒకే బోదె

విశాఖపట్నం, ఆసుపత్రి
1986 నవంబరు 18

ప్రియమైన కుమారుడు సాలమోనుకు,

అన్న పశ్చాత్తాపపడితేనే చూడడానికి వస్తానని నువ్వు రాసిన కార్డు ఇవాళ అందింది. అందుకే వెంటనే రాస్తున్నాను.

రాజోలు గుడిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం నాడు మీ అన్న వరప్రసాదం చాప మీద గురకపెట్టాడు. లేపితే తూలాడు, మాట ముద్దగా వచ్చింది. ఇక తాగనని సంఘం ముందు ప్రమాణం చేసినవాడు మళ్లీ తాగాడన్నారు. వాసన చూసినవాళ్లెవరూ లేరు. సాయంత్రానికల్లా వాణ్ణి బల్లకు రానివ్వకూడదని పెద్దలు తీర్మానించారు. కార్యదర్శివి గనక ఆ కాగితం నువ్వే రాశావు. మత్తు దిగుతుందిలే అని మేమూ వాణ్ణి మంచం మీదే వదిలేశాం. దిగలేదు.

ఇక్కడ తలకు స్కాన్ తీస్తే మెదడు లోతున, థాలమస్ అనే చోట, రెండు పక్కలా దెబ్బ కనిపించింది. మనిషిని మెలకువగా ఉంచేది అదేనట. కారణం తేలాలంటే తొడలోంచి సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి, మెదడు రక్తనాళాలకు ఫొటోలు తీయాలన్నారు. అందులోనూ ప్రాణభయం ఉందన్నారు. వాడి భార్య సరోజిని సంతకం పెట్టమని ఆ కాగితం నా చేతికిచ్చేసింది. నేను పెట్టాను.

ఈ ఉదయం డాక్టరుగారు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపించారు. పెద్ద నాళాలన్నీ బాగున్నాయట. రెండు పక్కలకూ విడివిడిగా రావలసిన సన్న కొమ్మ వీడికి పుట్టుకతోనే ఒక్కటై ఉంటుందని, అది పూడుకుపోయిందని ఆయన అభిప్రాయం. అది ఉండవలసిన చోట ఫిల్ములో ఏమీ లేదు. చాలా అరుదట. రెండు చేలకూ నీళ్లు పారేది ఒకే బోదె అన్నమాట, అనుకున్నాను.

“తాగుడు వల్లనా అండీ?” అని అడిగాను.

“కాదండీ, అమ్మగారూ.”

“మరి దాన్ని తెరవగలరా?”

ఆయన ఫిల్మును కవరులో పెట్టేశారు. “ఇప్పుడు చేయగలిగింది లేదండీ.”

నేనెవరో వాడికి రోజూ చెబుతున్నాను. “ఆయ్” అని ఊకొడతాడు, నిద్రపోతాడు.

ఇక జరగవలసినవి:

1. ఆ తీర్మానం రద్దయిందని వచ్చే ఆదివారం గుడిలో అందరి ముందు నువ్వే చదవాలి.
2. నీ దగ్గరున్న వాడి పిల్లల్ని బడి మాన్పించకు. నాన్న తాగాడని వాళ్లతో ఎవరైనా అంటే, నాయనమ్మ వచ్చి మాట్లాడుతుందని చెప్పు.
3. ఆదివారం అది చదివిన మర్నాడే సఖినేటిపల్లి రేవు దాటి, నర్సాపురంలో రైలెక్కి రా.
4. వచ్చాక మంచం పక్కన నిలబడకు. వాడు కళ్లు పైకెత్తలేడు. కింద నేల మీద కూర్చో.

మీ అమ్మ,
యేసురత్నం