కూత అందని బండి

మంగళవారం, పెనుకొండ

గేటు దగ్గర పట్టాల కింద దారి వేయిస్తానని అప్పటి సర్పంచి నారపరెడ్డి నా చేయి పట్టుకుని మాటిచ్చి ముప్పై ఏళ్లయింది.

రెండు గూడ్సులు కలిపి నడపడం ఘనకార్యమని పేపర్లో చదివాను. అంత బండి ఏ స్టేషన్లో పడుతుందో రాయలేదు. ఈరోజు అది స్టేషన్లో పట్టక, గేటుకు అడ్డంగా గంటసేపు నిలిచింది. కూత వినపడితేనే బండి కదులుతుందని మా లెక్క. అందాకా వ్యాగన్ల కింద దూరి అవతలికి పోతాం.

"దూరి పోయేదా, అన్నా?" అని అడిగింది పక్కింటి ఖాదర్‌బీ.

"కూత యాడ ఇనపడింది? పో తల్లీ, ధర్మవరం బస్సు పోతాది" అన్నాను.

ఆమె సగం దూరిందో లేదో చక్రాలు కదిలాయి. ఇంజిన్ మలుపు అవతలెక్కడో ఉంది. కూత వేసే ఉంటుంది, మా దాకా రాలేదు. కొంగు పట్టి లాగాను. ఆమె చెప్పు చక్రం కింద నలిగిపోయింది.

"నీ మాట నమ్మితి గదన్నా" అంది.

పొమ్మన్నది నేనే, ఒప్పుకుంటాను. అయినా ఆమెను ఆ చక్రాల కిందికి తోసినవాడు నారపరెడ్డి.