మింగుటలో ఇబ్బంది లేదు

పామర్రు,
కృష్ణా జిల్లా.

జిల్లా అధికారి గారి సముఖమునకు,
ప్రాణధార వైద్య సహాయ పథకం,
విజయవాడ.

విషయం: నోటి క్యాన్సరు వచ్చినవారికి ఆపరేషనుకు ముందే అన్నవాహిక, శ్వాసనాళం, ఊపిరితిత్తులు కూడా పరీక్ష చేయించుట, మరియు నా భార్య శివపార్వతి (57 సం.)కి కనిపించిన రెండవ గడ్డకు చికిత్స అనుమతి గురించి.

సూచిక: తమ కార్యాలయపు తిరస్కరణ పత్రములు మూడు (జతపరచడమైనది).

అయ్యా,

పామర్రు వాస్తవ్యుడను, దస్తావేజు లేఖరిని అయిన గొరిపర్తి వెంకటప్పయ్య అను నేను తమ సమయం కొంత తీసుకొనుచున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లుగా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి రేకుల షెడ్డులో కూర్చొని పరుల తరఫున అర్జీలు రాస్తున్నాను. గట్టు తగాదాలు, పింఛన్లు, కాలువ నీళ్లు. నా తరఫున రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా పద్ధతి తప్పితే మన్నించ ప్రార్థన.

1. నా భార్యకు ముప్ఫై ఏళ్లుగా పొగాకు కిళ్ళీ అలవాటు గలదు. గత సంవత్సరం జులైలో కుడి బుగ్గ లోపల తెల్లటి మచ్చ పుండుగా మారినది. విజయవాడ ఆసుపత్రిలో ముక్క పరీక్ష చేసి క్యాన్సరు అని తేల్చినారు. తమ కార్యాలయము వారు వారం లోపే ఆపరేషనుకు అనుమతి ఇచ్చినారు. అందుకు కృతజ్ఞతలు. ఇది మాటవరసకు రాయుట లేదు.

2. ఆపరేషను నాలుగు రోజులు ఉందనగా డాక్టరు భానుశ్రీ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినది: "పొగాకు రసం బుగ్గలోనే ఆగదు కదండీ. ఇన్నేళ్లూ అదే దారిన లోపలికి దిగింది. ఒకచోట గడ్డ లేచిందంటే, ఆ దారిలో ఇంకోచోట వేరే గడ్డ లేచి ఉండొచ్చు. అందరికీ ఉండదు. ఉన్నవాళ్లకి ఇప్పుడే కనబడితే తేలిగ్గా తీసేస్తాం. కెమెరా గొట్టం వేసి చూడటానికి పావుగంట." ఆవిడే తమకు రాసినారు. మరునాడు వచ్చిన సమాధానం: "ఆమోదించిన వ్యాధి: కుడి బుగ్గ. రోగికి మింగుటలో ఇబ్బంది లేదు. కోరిన పరీక్ష అనవసరం." ఆవిడ మళ్లీ రాసినారు. "ఇదివరకే పరిష్కరించబడినది" అని వచ్చింది.

3. బయట చేయించుకోవచ్చు గదా అని తమరు అడగవచ్చు. నేనూ అడిగాను. పథకం కింద చేరిన రోగి మధ్యలో బయటకు వెళితే అనుమతి రద్దగునని, మళ్లీ మొదటి నుంచి రావలెనని ఆసుపత్రిలోని పథకం కౌంటరులో చెప్పినారు. అంతవరకు బుగ్గలోది ఆగుతుందా?

4. ఆ కౌంటరులో అమ్మాయి మంచిది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "బాబాయిగారూ, పిన్నిగారికి మింగటం కష్టంగా ఉందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇప్పుడే అప్‌లోడ్ చేస్తా, సాయంత్రానికి వచ్చేస్తది" అంది. కాగితం కూడా ఇచ్చింది. నేను దాన్ని పట్టుకొని వార్డులోకి పోయి నా భార్యను అడిగాను.

"నాకు మింగుడు బాగానే ఉందిగా," అంది.

"రాస్తే పరీక్ష చేస్తారంట."

"మీరేగా అందరికీ చెప్తారు, అర్జీలో అబద్ధం రాయకూడదని. ఉన్నది ఉన్నట్టు రాయండి."

నిజమే. షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాణ్ణి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ పోతాయని. కాగితం ఖాళీగానే తిరిగి ఇచ్చేశాను.

5. పక్క మంచం ఆవిడది కూడా బుగ్గ క్యాన్సరే. ఆవిడకూ మింగుటలో ఇబ్బంది లేదు. రోజూ మా ఎదుటే అన్నం తినేది. ఆవిడ కూతురు మాత్రం ఆ కాగితం నింపి ఇచ్చింది. పరీక్షకు అనుమతి వచ్చింది. అన్నవాహికలో కందిగింజంత గడ్డ కనిపించింది. కోత లేకుండా, గొట్టంతోనే తీసేశారు. వారి పేరు, ఊరు ఈ అర్జీలో రాయను. అడిగినా చెప్పను. కౌంటరు అమ్మాయిని కూడా వదిలిపెట్టవలెనని మనవి.

6. ఆగస్టులో నా భార్యకు ఆపరేషను జరిగింది. బుగ్గ వరకు బాగా జరిగింది. తర్వాతైనా బయట పరీక్ష చేయిద్దామనుకున్నాం. నోరు రెండు వేళ్లంత తెరుచుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. "ఇంక గొట్టాలు వద్దండీ, కొన్నాళ్లు నన్ను ఊరికే ఉండనివ్వండి" అంది. సరేనన్నాను. ఆ తప్పు తమది కాదు, నాది. అందుకే విడిగా రాశాను.

7. ఫిబ్రవరి నుంచి అన్నంలో మజ్జిగ ఎక్కువ కలుపుకోవడం మొదలుపెట్టింది. "ఎండలు ముదురుతున్నాయి గదా" అనేది. నమ్మాను. ఒకరోజు ఇడ్లీ ముక్కను నీళ్లతో దించుకుంటూ, నేను చూస్తున్నానని తెలిసి నవ్వబోయింది. ఆ ముక్క దిగలేదు. అప్పుడు అర్థమైంది. విజయవాడ తీసుకెళ్లాం. అన్నవాహిక పైభాగంలో గడ్డ. బుగ్గలోది పాకి వచ్చింది కాదని, విడిగా పుట్టిందని, బుగ్గ ఆపరేషను నాటికే చిన్నదిగా ఉండి ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆవిడ మా ముఖాల వంక చూడలేదు. ఇప్పుడు కోయడానికి లేదు. రేడియేషను కరెంటు పెట్టి, మందులు ఎక్కించాలి.

ఆ రోజే ఆసుపత్రి క్యాంటీనులో పక్క మంచం ఆవిడ కనిపించింది. చూపించుకోవడానికి వచ్చిందట. దోసె తింటోంది. నా భార్య నా చెయ్యి పట్టుకొని, "చూడండి, ఎంత బాగా తింటోందో" అంది. నిజంగానే సంతోషపడింది. నేను పడలేకపోయాను. అదీ రాస్తున్నాను.

8. ఆసుపత్రి వారు చికిత్సకు అనుమతి కోరగా తమ మూడవ సమాధానం: "సదరు రోగికి క్యాన్సరు ఇదివరకే నమోదైనది. అదే వ్యాధి రెండవసారి నమోదు చేయుటకు వీలులేదు." తమ ఆఫీసుకు రెండు సార్లు వచ్చాను. కంప్యూటరు దగ్గర కూర్చున్నాయన, "ఒక మనిషికి రెండు క్యాన్సర్లు ఎలా వస్తాయండీ? ఇందులో వ్యాధి పేరుకి ఒక గడే ఉంది" అన్నాడు. వస్తాయి బాబూ అన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

9. ఈ క్రిందిది తమరు నమోదు చేసుకొనవచ్చును. ఏప్రిల్ నుంచి మా షెడ్డుకు నోటి క్యాన్సరు, గొంతు క్యాన్సరు కాగితాలు పట్టుకొని వచ్చిన నలుగురికి "మింగుట మిక్కిలి కష్టముగా నున్నది" అని నా చేతితో రాసి ఇచ్చాను. ఆ నలుగురూ అన్నం తింటున్నవాళ్లే. నలుగురికీ పరీక్ష అయింది. ముగ్గురికి ఏమీ లేదు. ఒకాయనకు ఊపిరితిత్తిలో చిన్నది దొరికింది, ఆపరేషను అయి ఇంటికి వచ్చాడు. నాపై చర్య తీసుకొనదలిస్తే తీసుకొనండి. అప్పటివరకు ఎవరు వచ్చినా అదే రాస్తాను. ఇలా రాయడం నాకు ఇష్టం లేదు. రాసిన రోజు అన్నం సయించదు.

10. కావున కోరునది:

(అ) నా భార్యకు పుట్టిన రెండవ గడ్డను రెండవ గడ్డగానే గుర్తించి, చికిత్సకు తక్షణం అనుమతి ఇవ్వవలెను.

(ఆ) నోటి, గొంతు క్యాన్సరు రోగులందరికీ, ఇబ్బంది ఉన్నదా లేదా అని అడగకుండా, డాక్టరు కోరినప్పుడు మిగతా చోట్లు కూడా ఆపరేషనుకు ముందే చూడనివ్వవలెను. ఇబ్బంది వచ్చాక చూసేదానికి డాక్టరు అక్కరలేదు. ఇడ్లీ ముక్క చాలు.

ఇందులో పరుషంగా ఉన్నవి విడిచి, అవసరమైనవి మాత్రం తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గొరిపర్తి వెంకటప్పయ్య

తా.క.: కవరు అంటించబోతుండగా భానుశ్రీ గారు ఫోను చేశారు. ఆవిడ మీ పై ఆఫీసులో ఎవరితోనో మాట్లాడారట, అనుమతి వచ్చింది. సోమవారం రమ్మన్నారు. తగ్గుతుందా అని అడిగాను. "మొదలుపెడదామండీ" అన్నారు. అనుమతి వచ్చింది కాబట్టి పైన (అ) కొట్టివేశాను.

మనది వచ్చేసింది, ఇక దీన్ని పంపాలా అనుకున్నాను. ఓపిక లేదు. శివపార్వతి అడిగి తీసుకుని మొత్తం చదివింది. ఇడ్లీ మాట దగ్గర నావంక చూసింది. తీసేయమంటుందేమో అనుకున్నాను. గడ్డ పెరిగి ఈమధ్య మాట సరిగా రావడం లేదు, అందుకని పెన్ను కోసం చెయ్యి చాపింది. నా సంతకం కింద తనదీ పెట్టింది.

గొరిపర్తి శివపార్వతి