తడిస్తే కనిపించే కొండలు

ఆదివారం రాత్రి, కడప

వచ్చే ఏడాది ప్రదర్శనల్లో, గనుల దగ్గర నేను ఏరుకున్న బండలకు మ్యూజియం మేడమ్ మే నెల ఇచ్చింది. పాలిష్ పట్టని బండ పొడిగా ఉంటే ఉత్త బూడిద రంగే. తడిపితే నల్లబడి, అందులో కొండలు తేలతాయి. చూడవచ్చినవాళ్లే చెంబుతో నీళ్లు పోయాలని ఆమె ఆలోచన.

బండలు మోసే మస్తాన్ నవ్వాడు. "ఏమప్పా, మే నెలలో ఈడ తాగేదానికే నీళ్లుండవు. నువ్వు రాళ్లకు పోపిస్తావా?"

ఇంటికొచ్చి, కుండ అడుగున మిగిలిన నీళ్లు ఒక బండ మీద చల్లాను. కొండ లేచింది, దాని వెనక ఇంకో కొండ. చూస్తుండగానే ఆరిపోయాయి.

రేపు వానాకాలం నెల అడుగుతాను. బండలను ఆరుబయట పెట్టమంటాను.

వాన రాకపోతే? ఆ బూడిద బండల మధ్య జనమంతా నాలాగే మబ్బు కోసం తలెత్తి నిలబడతారేమో...